కారుకు కాపలా: రెండు తాళాలు, మొదటి గంట

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలో ఏ ఊరి పొలిమేరకు వెళ్ళినా కోత అయిపోయిన చేలల్లో కార్లు బారులు తీరి ఉంటాయి. హైదరాబాదు నుంచి వచ్చిన బండ్లు, బెంగళూరు బండ్లు, భీమవరం, కాకినాడ బండ్లు అన్నీ ఒకే గట్టు పక్కన. కర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడు చెయ్యూపి చోటు చూపిస్తాడు, డబ్బులు తీసుకుంటాడు, చీటీ ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. వెనకాల ఇంకో బండి వస్తే అడ్డం తియ్యాలి కదా, "తాళం ఇచ్చేసి వెళ్ళండి సార్, నేను చూసుకుంటా" అంటాడు. చాలామంది ఇచ్చేస్తారు. ఆ కుర్రాడి పేరు తెలియదు, ఊరు తెలియదు. పది లక్షలు పెట్టి కొన్న వస్తువు తాళం అరనిమిషంలో అతని జేబులోకి వెళ్ళిపోతుంది.

కారు దొంగతనం అనగానే అందరికీ అలారం, జీపీఎస్, సీసీ కెమెరా గుర్తొస్తాయి. అవన్నీ పనికొచ్చేవే. అయితే గోదావరి డెల్టాలో కారు వాడే తీరును కాస్త దగ్గరగా చూస్తే, ముందు సరిచేసుకోవాల్సినవి మూడు కనిపిస్తాయి. తాళం ఎన్ని చేతులు మారుతోంది? రెండో తాళం ఎక్కడుంది? బండి కనపడలేదని తెలిశాక మొదటి గంటలో ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు? ఈ మూడింటికీ జవాబు ఉన్న ఇంట్లో ఖరీదైన పరికరాలు లేకపోయినా కారుకు కొంత రక్షణ ఉన్నట్టే. జవాబు లేని ఇంట్లో ఎన్ని పరికరాలు బిగించినా వాటి మీద పూర్తిగా ఆధారపడలేం.

ఇనుప తాళం నుంచి చిప్ తాళం దాకా

మారుతి 800, ఓమ్నీ, అంబాసిడర్ కాలంలో తాళమంటే గాట్లున్న ఇనుప ముక్క. గాట్లు సరిపోతే తలుపు తెరుచుకునేది, ఇంజిన్ స్టార్టయ్యేది. తాళం లేకపోయినా స్టీరింగ్ కింద వైర్లు కలపడం తెలిసినవాడికి అడ్డు లేదు. పల్లెల్లో ఇలాంటి పాత బండ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. వీటిలో పెట్రోలు బండ్లకు చవకైన మందు ఒకటుంది. ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్ళే వైరు మధ్యలో మెకానిక్ చేత చిన్న స్విచ్ పెట్టించి, ఎవరి కంటా పడని చోట దాచడం. ఆ స్విచ్ ఆపితే ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ అందుకోదు. బండి పాడైందనుకుని దొంగ దిగిపోతాడు. ఒక్క షరతు: ఆ స్విచ్ ఎక్కడుందో ఊరంతటికీ తెలియకూడదు.

తర్వాత ఇమ్మొబిలైజర్ వచ్చింది. తాళానికి ఉండే ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టి తిప్పగానే ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట ఆ చిప్‌కి శక్తినిచ్చి, దాని సంకేతాన్ని చదువుతుంది. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి అది తెలిసిన సంకేతమైతేనే ఇంజిన్ నడుస్తుంది. అంటే గాట్లు సరిగ్గా దించిన డూప్లికేట్ తాళంతో తలుపు తెరవొచ్చు గానీ బండి తీసుకెళ్ళలేరు. వైర్లు కలిపే పాత విద్య దీనితో దాదాపు ముగిసిపోయింది.

దాంతో దొంగ దృష్టి కంప్యూటర్ మీద పడింది. డ్రైవర్ మోకాళ్ళకు కాస్త పైన, డ్యాష్‌బోర్డు కింద ఓబీడీ అనే సాకెట్ ఉంటుంది. సర్వీసింగ్‌లో మెకానిక్ స్కానర్ పెట్టేది దానికే. తాళం పోగొట్టుకుని వచ్చినవాళ్ళకు కొత్త తాళాన్ని బండికి అలవాటు చేసేది కూడా చాలా బండ్లలో దాని ద్వారానే. న్యాయంగా తాళాలు చేసేవాళ్ళ దగ్గరుండే పరికరమే దొంగ చేతికి వస్తే, కొన్ని మోడళ్ళలో కొద్ది నిమిషాల్లో కొత్త తాళం తయారవుతుంది. ఆ సాకెట్‌కి ఇనుప మూత వేసి లాక్ చేసే పరికరాలు దొరుకుతాయి. ఖర్చు పెద్దగా ఉండదు. అద్దం పగలగొట్టి లోపలికి వచ్చిన దొంగకు అక్కడ మరో అడ్డంకి ఎదురవుతుంది, అతనికి అన్నిటికంటే కరువైన సమయం ఇంకొంత కరిగిపోతుంది.

జేబులో తాళం, వీధిలో కారు

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో తాళం జేబులోంచి తియ్యక్కర్లేదు. ఆ సుఖంలోనే ఒక చిక్కుంది.

భీమవరంలో ఒక వీధి అనుకుందాం. రాత్రి రెండు గంటలు. షెడ్డు లేదు కాబట్టి కారు గేటు బయట, రోడ్డు వారగా ఉంది. తాళం వీధి గదిలో, తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. ఇద్దరు వస్తారు. ఒకడు కారు తలుపు దగ్గర నిలబడతాడు, ఇంకొకడు భుజాన సంచి వేసుకుని వీధి గది గోడ వార నడుస్తాడు. కారు హ్యాండిల్ ముట్టుకోగానే, "తాళం ఇక్కడుందా?" అని అడుగుతున్నట్టు కారు ఒక సన్నటి సంకేతం వదులుతుంది. మామూలుగా అది మీటరు, మీటరున్నర దాటి పోదు. మొదటివాడి దగ్గరున్న పరికరం దాన్ని పట్టి రెండోవాడి సంచిలోకి పంపుతుంది. అక్కణ్ణుంచి అది గోడ దాటి మేకుకున్న తాళాన్ని చేరుతుంది. తాళానికి తేడా తెలియదు, "ఇక్కడే ఉన్నాను" అని బదులిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే ఇంజిన్ తిరుగుతుంది. అద్దం పగల్లేదు, అలారం మోగలేదు, కుక్క మొరిగితే మొరిగి ఉండొచ్చు. ఒకసారి స్టార్టయ్యాక తాళం దూరమైనా ఇంజిన్ ఆగదు. నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ప్రమాదం కాబట్టి కంపెనీలే దాన్ని అలా తయారుచేస్తాయి.

దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. తాళాన్ని వీధి గోడకు, కిటికీకి దూరంగా, ఇంటి లోపలి గదిలో పెట్టడం మొదటి పని. రెండోది, లోపల లోహపు పొర ఉండే చిన్న సంచి. తాళాన్ని అందులో వేస్తే సంకేతం బయటికి పోదు, లోపలికీ రాదు. కొన్నాక పరీక్ష తప్పనిసరిగా చెయ్యాలి: తాళాన్ని సంచిలో వేసి, ఆ సంచి పట్టుకునే కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగాలి. తెరుచుకుంటే ఆ సంచి దండగ. మడతల దగ్గర పొర చిరిగిపోతుంది కాబట్టి నెలకోసారి ఈ పరీక్ష చెయ్యాలి. వంటింట్లో స్టీలు డబ్బా వాడేవాళ్ళూ ఉన్నారు. మూత బిగుతును బట్టి అది ఒకచోట పనిచేస్తుంది, ఇంకోచోట చెయ్యదు, దానికీ ఇదే పరీక్ష. కొన్ని మోడళ్ళలో తాళంలో ఈ సౌకర్యాన్నే ఆపేసుకోవచ్చు, మరికొన్ని తాళాలు కదలకుండా ఉంటే వాటంతటవే నిద్రపోతాయి. బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో ఆ సంగతి రాసి ఉంటుంది. కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పడేసే పుస్తకమే అది.

ఇంకో మోసం ఇంతకంటే సులువైంది. శనివారం వాడపల్లి వెంకన్న గుడికి వచ్చే జనాన్ని తలుచుకుంటే అర్థమవుతుంది. ఏడు శనివారాల మొక్కుకు వచ్చినవాళ్ళు కారు దిగి, పిల్లల్ని దింపి, కొబ్బరికాయల సంచి తీసుకుని, నడుస్తూనే వెనక్కి రిమోట్ చూపించి బటన్ నొక్కుతారు. దగ్గర్లో ఎవడైనా అదే ఫ్రీక్వెన్సీలో అడ్డు సంకేతం వదులుతుంటే బండికి ఆ మాట వినపడదు, తలుపులు తెరిచే ఉండిపోతాయి. ఫోను, పర్సు, పేపర్లు పోవడానికి అంత చాలు. ఇండికేటర్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా చూసి, ఒకసారి హ్యాండిల్ లాగి చూస్తే ఈ బెడద తీరిపోతుంది. దానికి పట్టే సమయం రెండు సెకన్లు.

దొంగల విద్య ఇక్కడితో ఆగలేదు. 2022లో లండన్‌లో ఒక వాహన భద్రతా నిపుణుడి సొంత టొయోటా కారే పోయింది. పోవడానికి ముందే బంపరు లాగి, హెడ్‌లైట్ వైర్లు ఊడదీసి ఉండటం ఆయన చూశాడు. ఎవరో ఆకతాయి పని అనుకున్నాడు. తర్వాత ఆరా తీస్తే తేలిందేమిటంటే, హెడ్‌లైట్‌కి వెళ్ళే వైర్లలో కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలు కూడా ఉంటాయి, అక్కడ ఒక పరికరం తగిలించి "తాళం సరైనదే" అన్న మాట లోపలికి పంపొచ్చు. నిపుణుడి బండికే ఇలా జరిగితే మామూలు మనిషి చెయ్యగలిగిందేమిటి? రెండు పనులు. బంపరు వదులైనట్టో, లైటు దగ్గర క్లిప్పులు ఊడినట్టో కనిపిస్తే గేదె తగిలిందిలే అని సర్దుకోకుండా ఆ రోజే చూపించుకోవాలి. కంప్యూటర్‌తో సంబంధం లేని ఇనుప లాక్ ఒకటి బండికి ఉండాలి.

ఇనుముకున్న విలువ

స్టీరింగ్‌కి అడ్డంగా పడే రాడ్డు, గేర్ రాడ్‌ని బిగించే గేర్ లాక్ చూడ్డానికి పాతకాలపు సరుకులా ఉంటాయి. ఏ రేడియో సంకేతానికీ లొంగకపోవడమే వాటి బలం. గేర్ లాక్‌ని బాడీకి బిగిస్తారు కాబట్టి దాన్ని కొయ్యాలంటే చప్పుడవుతుంది, టైం పడుతుంది. వరసగా నిలబెట్టిన నాలుగు కార్లలో ఒకదానికి మాత్రం పసుపుపచ్చ రాడ్డు అద్దంలోంచి కనిపిస్తుంటే దొంగ పక్క కారును చూసుకుంటాడు. పక్కవాడి సంగతి తలుచుకుంటే బాధగానే ఉంటుంది, అందుకే వీధిలో అందరూ పెట్టుకోవడం మంచిది. వాహనాల పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం అమర్చుకుంటే మోటారు టారిఫ్ నిబంధనల ప్రకారం ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో రెండున్నర శాతం, గరిష్ఠంగా 500 రూపాయల దాకా తగ్గింపు ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు అడిగితేనే ఆ సంగతి చెప్పేవాళ్ళు ఎక్కువ.

జీపీఎస్ ట్రాకర్ మంచిదే, కానీ అది దొంగతనాన్ని ఆపదు, బండి ఎటు పోయిందో చెబుతుంది. అందులో సిమ్ ఉంటుంది. మొదటి ఏడాది ప్లాన్ అయిపోయాక రీఛార్జి చెయ్యని ట్రాకర్ ఉత్త ప్లాస్టిక్ డబ్బా. ఓబీడీ సాకెట్‌లో గుచ్చే రకాన్ని దొంగ ముందు అక్కడే వెతుకుతాడు, వైరింగ్‌లో కలిపి దాచిన రకం మేలు. సముద్రానికి దగ్గరగా ఉండే అంతర్వేది, ఉప్పాడ, ఓడలరేవు వైపు ఊళ్ళలో ఉప్పుగాలికి కనెక్షన్లు తుప్పు పడతాయి. అటువైపు వాళ్ళు ఫోన్‌లో బండి సరైన చోట కనిపిస్తోందో లేదో వారానికోసారి చూసుకోవాలి. బండిని ఇంటి దగ్గర ఉంచి చాలాకాలం ఊళ్ళో ఉండనివాళ్ళకు ఇంకో చిక్కు. గల్ఫ్‌కో, హైదరాబాదుకో వెళ్ళిపోతూ బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తారు. దాంతో పాటే ట్రాకర్, అలారం రెండూ మూగబోతాయి. అలాంటి ఇంట్లో గేర్ లాక్ తప్ప దిక్కు లేదు.

గోదావరి వరదల రోజులు మరో రకం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక ఊళ్ళు మునిగిపోయాయి. అలాంటప్పుడు ట్రాక్టర్లు, బైకులు, కార్లు అన్నీ ఏటిగట్టు ఎక్కుతాయి. ఇంట్లోవాళ్ళు పునరావాస కేంద్రంలోనో చుట్టాలింట్లోనో ఉంటారు, బండి రోజుల తరబడి గట్టు మీద ఒంటరిగా ఉంటుంది. అర్ధరాత్రి నీళ్ళొస్తాయన్న భయంలో "ఎవరైనా పక్కకు తియ్యాల్సొస్తే" అని తాళం బండికే వదిలేసేవాళ్ళున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా తాళం గట్టు మీదే కాపలా ఉండే తెలిసిన మనిషి చేతిలో పెట్టడం, పేపర్లు బండిలో లేకుండా వెంట తీసుకెళ్ళడం ఆ హడావుడిలో కూడా చెయ్యగలిగిన పనులే.

తెలిసినవాళ్ళ చేతుల్లోంచి పోయే బండ్లు

తాళాలు, చిప్పులు, సంకేతాల గురించి ఇంత చెప్పుకున్నాం గానీ, తెలుగు రాష్ట్రాల పోలీసు కేసుల్లో తరచూ కనిపించే కార్ల మోసం ఒకటుంది. అందులో ఏ తాళమూ పగలదు. కారును నెల అద్దెకని తీసుకెళ్తారు. మొదటి నెల డబ్బు టంచనుగా ఇస్తారు. తర్వాత ఆ కారును ఇంకో ఊళ్ళో తాకట్టు పెట్టేసి రెండు మూడు లక్షలు తీసుకుంటారు. తాకట్టు పట్టినవాడు "సొంత బండే అన్నాడు" అంటాడు. ఫోన్ స్విచ్చాఫ్.

డెల్టాలో ఇది పుట్టడానికి నేల సిద్ధంగా ఉంది. ఇక్కడ కారు ఇవ్వడమంటే మర్యాద. పెళ్ళికి, ఆసుపత్రికి, అన్నవరం వెళ్ళడానికి "ఒక్కసారి బండి ఇవ్వరా బావా" అంటే కాదనడం కష్టం. చేపల, రొయ్యల చెరువుల్లో రేటు పడిపోయి చేతులు కాలినప్పుడు, కారు కిస్తీకి కలిసొస్తుందని అద్దెకివ్వడమూ మామూలే. అదే ఇక్కడి గట్టి బలహీనత. అద్దె అవసరాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు, కాకపోతే అందులోని నష్టం ముందే తెలిసి ఉండాలి. తెల్ల నంబర్ ప్లేటున్న సొంత బండిని అద్దెకిస్తే, అది ప్రైవేటు కారు పాలసీ షరతులకే విరుద్ధం. ఆ పాలసీ అద్దె వాడకానికి వర్తించదు. అద్దెకు తీసుకుని సొంతంగా నడుపుకునే కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండేది ఈ తేడా కోసమే.

ఇంకా లోతైన చిక్కు చట్టంలో ఉంది. యజమాని చేతులారా తాళం ఇచ్చాక తీసుకున్నవాడు బండితో మాయమైతే పోలీసులు దాన్ని దొంగతనం కింద కాకుండా నమ్మకద్రోహం, మోసం కింద నమోదు చేసే అవకాశం ఎక్కువ. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్‌తో మొదలవుతుంది, నమ్మకద్రోహం 316, మోసం 318. బీమా కంపెనీ చూసేది ఆ ఎఫ్‌ఐఆర్‌లోని మాటనే. దొంగతనానికి కవర్ ఉంది, ఇది దొంగతనం కాదు అని కొర్రీ వేస్తే యజమాని ఏళ్ళ తరబడి వినియోగదారుల కమిషన్ల చుట్టూ తిరగాలి.

తాత్కాలికంగా తాళం చేతులు మారే చోట్లు ఇంకా ఉన్నాయి: వాటర్ సర్వీసింగ్, టింకరింగ్ షెడ్డు, ఫంక్షన్ హాలు, యాక్టింగ్ డ్రైవర్. శ్రావణంలోనో మాఘంలోనో పాలకొల్లు, తణుకు వైపు ముహూర్తాల రోజున ఫంక్షన్ హాలు ముందు తాళాలన్నీ ఒకే బల్ల మీద కుప్పగా ఉంటాయి. ఏ తాళం ఎవరిదో చెప్పగలిగేది అక్కడున్న మనిషి జ్ఞాపకశక్తి ఒక్కటే. కారు తాళంతో పాటు ఇంటి తాళం, బీరువా తాళం, బండి నంబరు రాసిన ప్లాస్టిక్ ముక్క అన్నీ ఒకే గుత్తిలో ఉండటం మరీ ప్రమాదం. కారు తాళం ఒక్కటీ విడిగా ఇవ్వాలి. షెడ్డులో పది రోజులు వదలాల్సొస్తే ఒక్క తాళమే ఇచ్చి, ఆ తేదీ, మీటర్ రీడింగు ఫోటో తీసి పెట్టుకోవాలి. మంచి మెకానిక్ ఎవరూ దీనికి నొచ్చుకోరు.

రెండో తాళం సంగతి. కొన్నప్పుడు ఇచ్చిన రెండు తాళాల్లో ఒకటి వాడకంలో ఉంటుంది, రెండోది "ఎక్కడో ఉంది" అంటారు. కొందరు దాన్ని కార్లోనే డ్యాష్‌బోర్డు అరలో ఉంచుతారు. దాన్ని మించిన పొరపాటు లేదు. క్లెయిమ్ వేళ బీమా కంపెనీ రెండు తాళాలూ అడుగుతుంది. ఒకటి లేకపోతే, తాళం బండిలోనే వదిలేశారన్న అనుమానంతో ఫైలు అక్కడే ఆగిపోతుంది. రెండో తాళం నిజంగా పోతే, పోయినప్పుడే పోలీసులకు చెప్పి కాగితం తీసుకుని, సర్వీస్ సెంటర్‌లో ఆ తాళాన్ని బండి మెమరీ నుంచి తీసేయించి కొత్తది చేయించుకుంటే రికార్డు ఉంటుంది.

వంతెనలు, మొదటి గంట

కోనసీమ భూగోళం యజమానికి కాస్త అనుకూలంగా ఉంది. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న ఈ గడ్డ నుంచి కారు బయటికి పోవాలంటే ఏదో ఒక చోట నది దాటాలి. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ వంతెన, 216 హైవే మీద ఎదుర్లంక నుంచి యానాం వైపు, దిండి నుంచి చించినాడ వైపు, పైన ధవళేశ్వరం బ్యారేజీ రోడ్డు: ప్రధానమైన దారులు ఇవే. సఖినేటిపల్లి, కోటిపల్లి లాంటి రేవుల్లో పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద బండి ఎక్కించడం దొంగకు కుదిరే పని కాదు, పంటు కోసం నిలబడాలి, నలుగురి కళ్ళూ పడతాయి. అందువల్ల అమలాపురంలోనో రాజోలులోనో పోయిన బండి గురించి అరగంటలో కబురు అందితే పోలీసులకు వెతకాల్సిన దారులు కొన్నే. అదే కబురు తెల్లారాక అందితే, అప్పటికి బండి హైవే ఎక్కి విజయవాడో విశాఖపట్నమో దాటి ఉంటుంది.

అయితే మన దగ్గర మొదటి గంట ఎలా గడుస్తుంది? "మావాడెవడైనా తీసుకెళ్ళాడేమో" అని బంధువులందరికీ ఫోన్లు చెయ్యడంలో. ఫైనాన్స్ వాళ్ళు పట్టుకెళ్ళారేమో అన్న అనుమానం ఉంటే పదిమందికి చెప్పుకోవడానికి నామోషీ. ఫోన్లు ఒకరు చేస్తుంటే ఇంకొకరు 112కి చెప్పేయాలి. తప్పుడు కంగారని తేలితే మళ్ళీ ఫోన్ చేసి చెప్పొచ్చు. బండి నంబరు, రంగు, గీతలు, సొట్టలు, అద్దం మీది స్టిక్కరు లాంటి గుర్తులు ముందే ఫోన్‌లో ఫోటోలుగా ఉంటే ఆ టెన్షన్‌లో తడుముకోవాల్సిన అవసరం ఉండదు. ఆర్సీ, పాలసీ, 17 అక్షరాల ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఒరిజినల్ పేపర్లు బండిలో ఉంచక్కర్లేదు, డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది.

ఫాస్టాగ్ గురించి ఒక మాట. బండి పోగానే డబ్బు పోతుందని ఫాస్టాగ్ బ్లాక్ చేయించేవాళ్ళుంటారు. మొదటి కొన్ని గంటలు ఆగడం మేలు. ఈతకోట, ఉంగుటూరు, కృష్ణవరం టోల్ గేట్లలో ఏది దాటినా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. అందులో చోటు, సమయం రెండూ ఉంటాయి. వంద రూపాయలు పోయినా బండి ఏ దిక్కుకు పోతోందో తెలుస్తుంది, ఆ మెసేజ్ వెంటనే పోలీసులకు చూపించాలి. దొంగకు కూడా ఈ సంగతి తెలిసి స్టిక్కరు పీకేయొచ్చు, అది వేరే విషయం.

ఏ స్టేషన్ పరిధి అన్న వాదన అవసరం లేదు. రాజమండ్రిలో ఉండే మనిషి కారు రావులపాలెంలో పోయినా దగ్గర్లోని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. యానాం మాత్రం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడి పోలీసులు వేరు. అది గుర్తుంచుకుని బండి అటు వెళ్ళిందన్న అనుమానం ఉంటే ఫిర్యాదులోనే రాయించాలి.

బీమా డబ్బు ఎంత వస్తుంది

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే కారు పోయినందుకు పైసా రాదు. దొంగతనానికి డబ్బు వచ్చేది ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీలోనే. అదైనా కొన్న ధర రాదు, పాలసీలో రాసిన ఐడీవీ, అంటే బండికి కట్టిన బీమా విలువ వస్తుంది. షోరూమ్ ధర మీద మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం తరుగు తీస్తారు. పది లక్షల కారు మూడో ఏట పోతే ఐడీవీ సుమారు ఏడు లక్షలు. బ్యాంకుకు ఐదు లక్షలు బాకీ ఉంటే ముందు అది తీరుతుంది, యజమాని చేతికొచ్చేది రెండు లక్షల లోపే. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని ఇంకా తగ్గించి రాయించుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే ఆ పని చెయ్యరు. కొత్త బండికి మొదటి రెండు మూడేళ్ళు రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవర్ తీసుకుంటే బిల్లు ధరకు దగ్గరగా వస్తుంది.

పోలీసులకు చెప్పిన రోజే బీమా కంపెనీకీ చెప్పాలి. ఆర్టీవోకి, ఫైనాన్స్ ఉంటే వాళ్ళకీ ఒక ఉత్తరం పెట్టాలి. తర్వాత పోలీసుల నుంచి బండి దొరకలేదన్న తుది నివేదిక వచ్చేదాకా క్లెయిమ్ కదలదు, దానికి నెలలు పట్టొచ్చు. కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020లో ఒక ట్రాక్టర్ కేసులో తీర్పిచ్చింది. ఆ యజమాని ట్రాక్టర్ పోయిన రోజే ఎఫ్‌ఐఆర్ పెట్టాడు, కంపెనీకి మాత్రం 52 రోజుల తర్వాత చెప్పాడు. అతన్ని కాపాడింది ఆ రోజే పెట్టిన ఎఫ్‌ఐఆర్. షరతులు కొంత ఉల్లంఘించినా దొంగతనం కేసుల్లో క్లెయిమ్ మొత్తాన్ని కాదనకుండా 75 శాతం ఇప్పించిన తీర్పు కూడా 2008లో వచ్చింది. ఇవి ఆఖరికి పట్టుకునే కొమ్మల్లాంటివి. వాటి దాకా వెళ్ళకుండా ఉండటమే సుఖం.

కొనేటప్పుడు, దొరికినప్పుడు

పోయిన బండి ఎక్కడికో ఒక చోటికి చేరుతుంది, ఎవరో కొంటారు. ఏపీ 05, ఏపీ 37 పాత నంబర్లు, ఏపీ 39 కొత్త నంబర్లు, తెలంగాణ బండ్లు, యానాం పీవై 04 బండ్లు కలిసి తిరిగే ఈ జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు బయటి నంబరు చూసి ఎవరూ అనుమానించరు. ఆర్సీలోని ఛాసిస్ నంబరును బండి మీద కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు, ఉంటే ఆ బండిని వదిలేయాలి. అంకెల చుట్టూ గీకినట్టో, కొత్త పెయింటో, వెల్డింగో ఉన్నా అంతే. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు ఉంటుంది. దాన్ని స్నాప్ లాక్‌తో బిగిస్తారు, లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటుంది, ముందు అద్దం లోపల అదే వివరాలతో స్టిక్కరు ఉంటుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో ఆ బండి దొంగ సొత్తు జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. తెలియక కొన్నా దొంగ బండి మీద కొన్నవాడికి హక్కు రాదు. పోలీసులు తీసుకెళ్తారు, ఇచ్చిన డబ్బు కోసం అమ్మినవాణ్ణి వెతుక్కోవాలి.

సొంత బండి దొరికిందని కబురొస్తే అది స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ ఉండక్కర్లేదు. పట్టుబడ్డ వాహనాలను ఏళ్ళ తరబడి స్టేషన్లలో పడేయకుండా, ఫోటోలు, పంచనామా తీసుకుని పూచీకత్తు మీద యజమానికి ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆర్సీ, పాలసీ పట్టుకుని మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసుకోవాలి. క్లెయిమ్ డబ్బు అప్పటికే తీసుకుని ఉంటే బండి బీమా కంపెనీది. తీసుకోకపోతే, ఇంటికి తెచ్చేముందు సర్వీస్ సెంటర్‌లో ఆగాలి. దొంగ చేయించుకున్న కొత్త తాళం ఇంకా ఎవరి దగ్గరో ఉండొచ్చు, దానికి ఆ బండి ఇప్పటికీ తెరుచుకుంటుంది. మెమరీలో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో అడిగి, మొత్తం తుడిపించి, ఇంట్లో ఉన్న రెండింటినీ మళ్ళీ ఎక్కించుకోవాలి.